లియోనోర్ పక్క సీటు

ఆ పాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. పెళ్ళి విందుల్లో వేస్తారు. సూపర్ మార్కెట్లో ఉల్లిపాయలు ఏరుకుంటుంటే పైనుంచి వినిపిస్తుంది. ముందు ఆవు మెడగంట మీద పుల్లతో కొట్టినట్టు టక్కు టక్కుమంటుంది. వెనకాల బేస్ గిటారు బరువుగా నడిచొస్తుంది. సాక్సోఫోన్ అందుకునేలోపే నేను బుట్ట అక్కడే వదిలేసి బయటికొచ్చేస్తాను. నా కూతురు విసుక్కుంటుంది. "అదేంటమ్మా, మన వీధి పాట కదా! లోకమంతా దానికి చిందులేస్తుంటే నువ్వు పారిపోతావేం?"

మన వీధి పాటే. అందుకే పారిపోతాను.

అది డెబ్బై అయిదు వేసవిలో వచ్చింది. అంతకుముందు ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో మా మెక్సికన్ల కార్ల గురించి ఎవరైనా మాట్లాడారంటే ఆ మాటలో పోలీసు ఉండేవాడు. ఆ పాటలో పోలీసు లేడు. నేలకి ఆనేంత కిందికి దించిన కారులో, నత్తలా, దర్జాగా పోయే మనిషి ఒక్కడే ఉన్నాడు. మొదటిసారి రేడియోలో విన్నప్పుడు మా నాన్న ఫెర్మిన్ చేతిలో కత్తెర ఆపి, "వీళ్ళెవరో మనవాళ్ళని చూసి రాసారే!" అన్నాడు. ఆ వారం మా పెద్ద రోడ్డు, బులెవార్డ్ మీద ఏ కారు కిటికీలోంచి విన్నా అదే పాట.

నాన్నది కార్ల సీట్లు కుట్టే దుకాణం, బులెవార్డ్ మీదే. అమ్మ పోయాక ఇంట్లో ముగ్గురం మిగిలాం. నాన్న, అన్నయ్య ఎఫ్రాయిన్, నేను. అప్పటికే నాన్న చేతులు వణుకుతున్నాయి. కుట్టు నాది, పేరు ఆయనది. నాకు ఇరవై ఏళ్ళు.

ఆ జనవరి నుంచి నేను అన్నయ్య కారుకి సీట్లు కుడుతున్నాను. అరవై నాలుగు మోడల్ ఇంపాలా. వైన్ రంగు మఖ్మల్, డైమండ్ మడతలు, మడత మడతకీ బొత్తాం. ఆగస్టులో కార్ల ప్రదర్శన. అక్కడ ప్రతి కారు ముందూ ఒక పలక పెడతారు. రంగు ఎవరు వేసారు, కారుని పైకి లేపి దించే పంపులు ఎవరు బిగించారు, కుషన్ పని ఎవరిది. ఆ పలక మీద నాన్న పేరు కాదు, నా పేరు రాయిస్తానని అన్నయ్య మాటిచ్చాడు. ఐదు నెలలు ఆ పలకనే తలుచుకుంటూ కుట్టాను.

జూన్ ఆఖర్లో అన్నయ్య దుకాణంలోకి వచ్చి మిషను పక్కన నిలబడ్డాడు.

"ఎంతవరకొచ్చిందే?"

"వెనక సీటు అయిపోయింది. తలుపులవి మిగిలాయి. ఏం, నీ కారుకి పెళ్ళిచూపులా?"

అన్నయ్య నవ్వలేదు. "నా కారుకి కాదు అంపారో. లియోనోర్ కారుకి బిగిద్దాం. రెండూ అరవై నాలుగే, కొలతలు ఒకటే."

లియోనోర్ అంటే మకారియో పెళ్ళాం. మకారియో అన్నయ్యవాళ్ళ క్లబ్బు 'సెరెనోస్' సభ్యుడు, జైల్లో రెండో ఏడు నడుస్తోంది. సగం చేసిన కారు పెరట్లో వదిలి వెళ్ళాడు. లియోనోర్ గీజర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో వెల్డింగు చేసేది. సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ అదే కళ్ళద్దాలు పెట్టుకుని మొగుడి కారు అతుకులు వేసుకునేది. ఇప్పుడు క్లబ్బు బిళ్ళ తన పేరు మీద ఇమ్మని అడిగింది. వెనక అద్దంలో ఆ అల్యూమినియం బిళ్ళ ఉంటేనే ప్రదర్శనలో క్లబ్బు వరసలో చోటు. ఆడదానికి బిళ్ళ ఇవ్వడం అంతవరకు ఎక్కడా లేదు. జులైలో ఓటు పెడతామన్నారు.

"నీ పంపులు కూడా తీసి దానికే పెట్టావటగా," అన్నాను.

"మకారియో వచ్చేసరికి ఆ కారు లేచి నిలబడాలి. మాటిచ్చాను. మనది వచ్చే ఏడాది చూసుకుందాం. పలక మీద నీ పేరే ఉంటుందిలే."

"వాళ్ళ కారు మీద నా పేరెందుకు?"

"కుట్టింది నువ్వు కాబట్టి," అని వెనక సీటు భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ ఈలలో ఆ పాటే.

నాకు ఆ ఈల నచ్చలేదు. ఐదు నెలల నా కష్టాన్ని పరాయిదాని ఇంటికి మోసుకెళ్ళే మనిషి అంత హాయిగా ఈల వేస్తాడా అనిపించింది.

ఆదివారం నాలుగింటికి రేడియోలో రూలో అనే ఆయన కార్యక్రమం వచ్చేది. జనం కార్డులు రాస్తే చదివి, వాళ్ళు కోరిన పాట వేసేవాడు. ఫలానా వీధి నుంచి ఫలానా పిల్లకి, అలిగిన మరిదికి, దూరమైన చెల్లెలికి. సగం కార్డులు జైళ్ళ నుంచే. జైల్లో ఉన్నవాళ్ళు కూడా అదే వినేవాళ్ళు. ఆ గంట బులెవార్డ్ మీద ప్రతి కారు రేడియో ఆ స్టేషను మీదే ఉండేది. కాలిబాట వెంబడి నడిచిపోతే పాట ఒక కారు నుంచి ఇంకో కారు అందుకుంటూ మనతోపాటు వచ్చేది.

గుడ్డ మీద గుర్తులు పెట్టే నీలం పెన్సిలుతో కార్డు రాసాను. పెద్ద నిలబెట్టు అక్షరాలు. రాయడానికి నాలుగు నిమిషాలు పట్టిందేమో.

"జైలు నుంచి మకారియో, భార్య లియోనోర్‌కి. నా కారులో నెమ్మదిగా తిరుగు. నీ పక్కన కూర్చున్నవాడితో చెప్పు, ఆ సీటు నాదని."

కింద పాట పేరు. ఇంకే పాట రాస్తాను?

నా లెక్క ఇది. పంపులు బిగించాక ఆ ఆదివారమే లియోనోర్ మొదటిసారి కారు బయటికి తీస్తోంది. ఒంటరిగా వస్తుంది. జనం ఆ ఖాళీ సీటు వంక చూసి గుసగుసలాడుకుంటారు. క్లబ్బుకో కట్టుబాటు ఉంది. సభ్యుడు జైల్లో ఉంటే అతని ఇల్లాలు క్లబ్బు కాపుదలలో ఉన్నట్టు. ఆమె మీద ఇంత మాట పడితే ఎవడూ ఓటెయ్యడు. బిళ్ళ రాదు, ప్రదర్శన ఉండదు, నా మఖ్మల్ ఇంటికొస్తుంది. అన్నయ్య ఆ మధ్యాహ్నం రంగుల షెడ్డులో పని ఉందన్నాడు. తనకేమీ తగలదు.

ఆదివారం దుకాణం ముందు నాన్న కుర్చీ వేసుకుని, ఒళ్ళో రేడియో పెట్టుకుని కూర్చున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఎదురుగా క్లబ్బు పెద్ద టాచో తన కారు బానెట్ మీద వాలి పుచ్చకాయ ముక్కలు తింటున్నాడు. కార్లు ఈ చివర నుంచి ఆ చివరకి ఊరేగింపులా కదులుతున్నాయి.

లియోనోర్ కారు కనబడింది. నీలాకాశం రంగు, పైకప్పు మీద ఎండ జారిపోతోంది. ముక్కు నేలకి వంచి వస్తోంది. చూస్తుండగానే ముందు భాగం మెల్లగా పైకి లేచింది. జనం ఈలలు వేసారు. టాచో కూడా పుచ్చకాయ పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు.

"అమ్మలూ, చూడు చూడు," అన్నాడు నాన్న. "మీటల దగ్గర కూర్చున్నది మనవాడే!"

పక్క సీటులో అన్నయ్య. మోకాళ్ళ మీద స్విచ్చుల పెట్టె. రంగుల షెడ్డులో ఉండాల్సిన మనిషి.

రేడియోలో రూలో గొంతు సవరించుకున్నాడు. "ఇదిగో, జైలు నుంచి ఒక కార్డు..."

అప్పుడు నేనేం చెయ్యగలను? నాన్న రేడియో లాక్కుని ఆపితే ఒక్క రేడియో ఆగుతుంది. రోడ్డు మీద ఎనభై ఉన్నాయి. ఆ మాటలు ఆ చివర నుంచీ ఈ చివర నుంచీ ఒక్కసారే వచ్చాయి. 'నీ పక్కన కూర్చున్నవాడితో చెప్పు.' లియోనోర్ కారులో రేడియో కూడా అదే చెప్పింది.

ఈలలు ఆగిపోయాయి. కారు ముక్కు పైకి లేచింది లేచినట్టే ఉండిపోయింది. అన్నయ్య చెయ్యి స్విచ్చు మీద బిగుసుకుపోయింది. టక్కు టక్కుమంటూ పాట మొదలైంది.

ఆ రోడ్డు మీద వేగంగా పారిపోయే దారి లేదు. ముందు నలభై కార్లు, వెనక నలభై. నెమ్మదిగా పోవడమే అక్కడ మర్యాద, ఆ రోజు అదే శిక్ష అయింది. వాళ్ళిద్దరూ ఆ పాట మొదటి నుంచి చివరిదాకా వింటూ, జనం అందరి మొహాల ముందునుంచీ, నడిచే మనిషి కంటే మెల్లగా వెళ్ళారు. లియోనోర్ తల తిప్పలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, బడిలో కూర్చున్న పిల్లలా నిటారుగా కూర్చుంది.

నాన్న ఊపుతున్న చెయ్యి కిందికి దించి రేడియో ఆపేసాడు.

"ఇంత దరిద్రం నా ఇంట్లో పుట్టిందా?" అన్నాడు. నన్నే అన్నాడేమోనని ఒక్క క్షణం అనుకున్నాను.

మర్నాడు టాచో వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు.

"ఒరేయ్ ఎఫ్రాయిన్, పదిహేను రోజుల్లో పార్కులో మీటింగు. ఇప్పుడు ఆమె బిళ్ళ సంగతి కాదు. నీ బిళ్ళ సంగతి."

"బాబాయ్, నేను పంపులు చూడ్డానికి కూర్చున్నాను. నట్టు వదులైంది, ఆమె ఒక్కతే నడపలేదు."

"నాకు చెప్తావేంటి? జైల్లో ఉన్నవాడికి చెప్పుకో."

శనివారం లియోనోర్ జైలుకి వెళ్ళింది. మకారియో ములాఖాత్ గదిలోకి రాలేదు. మూడు గంటలు బల్ల మీద కూర్చుని తిరిగొచ్చిందట. ఆ మాట దుకాణంలో చెప్పింది మా రొట్టెలాయన. నేను దారం ఎక్కిస్తూ విన్నాను. సూది కన్ను కనబడలేదు.

అయినా నోరు విప్పలేదు. విప్పకుండా పది రోజులు పని చేసాను, తిన్నాను, నిద్ర కూడా పోయాను. ఇవాళ్టికీ నాకు సిగ్గు ఆ నిద్రకే.

రెండో వారం గురువారం పొద్దున దుకాణం తెరిచి మిషను మీది గుడ్డ తీసాను. సూది పక్కన గుడ్డని నొక్కిపట్టే పాదం కింద ఒక కార్డు పెట్టి ఉంది. పాదం దించి ఉంది, కార్డు ఎగిరిపోకుండా. నీలం పెన్సిలు. నా పెద్ద నిలబెట్టు అక్షరాలు.

అన్నయ్య వెనక తలుపు దగ్గర స్పాంజి మూటల మీద కూర్చుని ఉన్నాడు. రేడియో స్టేషనుకి వెళ్ళి, అక్కడి గుమాస్తాని బతిమాలి, చెత్తబుట్ట తిరగేయించి తెచ్చాడట.

"ఎందుకే?" అన్నాడు.

ఏదో పెద్ద కారణం చెప్పాలని చూసాను. నోట్లోంచి వచ్చింది ఒక్కటే. "మఖ్మల్..."

"మఖ్మల్," అన్నాడు తనూ.

"నువ్వా కారులో ఉంటావని నాకు తెలీదన్నయ్యా. దేవుడి తోడు."

"తెలుసు. నేను లేకపోతే ఫరవాలేదనుకున్నావు. అదే నాకు మింగుడుపడటంలేదు."

"నాన్నకి చెప్పకు."

"నేనెవరికీ చెప్పను. ఆదివారం పార్కులో నువ్వు చెప్తావు. పక్కనే ఉంటాను. తిడతారు. బుద్ధి లేని పిల్ల అంటారు. ఒక నెల అనుకుంటారు, ఆపేస్తారు. మకారియోకి కబురు వెళ్తుంది, ఆమె పేరు బాగుపడుతుంది. నీకు పోయేదేం లేదు."

"చెప్తాను."

"ఒట్టా?"

"అమ్మ మీద ఒట్టు."

అన్నయ్య కార్డు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వెళ్తూ నా నెత్తి మీద చిన్నప్పట్లాగే ఒక మొట్టికాయ వేసాడు. మెల్లగానే వేసాడు.

ఆదివారం మధ్యాహ్నం పార్కులో పదహారు సెరెనోస్ కార్లు చెట్ల కింద వరసగా నిలబెట్టారు. బొగ్గుల మీద మాంసం కాలుతోంది. ఆడవాళ్ళు రొట్టెలు తిప్పుతున్నారు. నాకు బీన్సు గిన్నె అప్పగించారు. లియోనోర్ ఒక్కతే వచ్చింది. కారు వరసలో పెట్టలేదు, ఎడంగా గడ్డి అంచున ఆపి, తలుపుకి ఆనుకుని నిలబడింది. ఎవరూ ప్లేటు ఇవ్వలేదు. నేను కూడా ఇవ్వలేదు.

టాచో నోరు తుడుచుకుని లేచాడు.

"మకారియో కబురు పంపాడు. ఆ కార్డు తను రాయలేదట. ఎవడో తన పేరు వాడుకున్నాడు. అయితే ఏమీ లేనిదే ఎవడెందుకు రాస్తాడని అడుగుతున్నాడు. దానికి జవాబు నా దగ్గర లేదు. ఇక్కడెవరి దగ్గరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి."

అన్నయ్య నా వైపు చూసాడు. కోపం లేదు ఆ చూపులో. రోడ్డు దాటబోయే పిల్లకి 'ఇప్పుడు, రా' అన్నట్టు చిన్నగా తల ఊపాడు.

సరిగ్గా అప్పుడే నాన్న నా భుజం మీద చెయ్యి వేసాడు. పక్కాయనతో అంటున్నాడు. "కొడుకు సంగతి వదిలెయ్ నేస్తం. ఈ పిల్లే లేకపోతే నేనెప్పుడో తలుపులు మూసుకునేవాణ్ణి." ఆ చెయ్యి వణుకు నా భుజంలోకి వస్తోంది.

నేను ఒక అడుగు ముందుకేసాను. "టాచో బాబాయ్," అన్నాను. గట్టిగానే అన్నాను. అందరూ తిరిగి చూసారు. లియోనోర్ కూడా చూసింది.

"ఏంటమ్మా?"

నోరు తెరిచాను. మాట నాలిక మీదే ఉంది.

"ఇంకొంచెం బీన్సు వెయ్యనా?"

ఎవరో పక్కున నవ్వారు. "ఈ పిల్లకి వేళాపాళా లేదు," అంది ఒకావిడ. టాచో చెయ్యి అడ్డంగా ఊపాడు. నేను గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాను. గరిటె చుట్టూ బీన్సు మీద తెట్టు కడుతోంది. అన్నయ్య ఎంతసేపు ఎదురుచూసాడో నాకు తెలీదు. తలెత్తలేదు.

"నేనే రాసాను," అన్నాడు అన్నయ్య.

బొగ్గుల మీద మాంసం తిప్పుతున్నవాడు కూడా తలెత్తాడు.

"నువ్వా?" అన్నాడు టాచో. "ఆ కారులోనే కూర్చుని?"

"నాతో రమ్మని అడిగాను, కాదంది. చీవాట్లు పెట్టింది. సరే, కనీసం ఊరైనా మా ఇద్దర్నీ కలిపి అనుకోనీ అని రాసాను." జేబులోంచి కార్డు తీసాడు. "ఇదిగో. ఆమెకేం తెలీదు. మకారియోకి అలాగే చెప్పండి."

లియోనోర్ వచ్చి కార్డు అందుకుంది. చాలాసేపు చూసింది. నేను కుట్టిన వెనక సీటు బిగించినప్పుడు ఆమే పట్టుకుంది. మఖ్మల్ వెనకవైపు 'ఎడమ', 'కుడి' అని నేను రాసిన నీలం అక్షరాలు ఆమె చూసే ఉంటుంది. కార్డు మీంచి తలెత్తి తిన్నగా నా వైపు చూసింది. తర్వాత అన్నయ్య వైపు.

"ఇది నువ్వు రాసావా?"

"నేనే."

"నిజంగా?"

"ఎన్నిసార్లు అడుగుతావు? నేనే."

ఆమె కార్డు బొగ్గుల్లో పడేసింది.

క్లబ్బులో తర్వాత జరిగేది అందరికీ తెలిసిందే. అన్నయ్య తన కారు వెనక అద్దం దగ్గరికి వెళ్ళి, స్క్రూలు తనే విప్పి, బిళ్ళ తెచ్చి టాచో చేతిలో పెట్టాడు. కాపుదలలో ఉన్న ఇల్లాలి పేరు చెడగొట్టినవాడికి వీడ్కోలు కూడా చెప్పరు. మగవాళ్ళందరూ వీపులు తిప్పి నిలబడ్డారు. అందరికంటే ముందు తిప్పింది నాన్న.

"ఇంటికి రాకు," అన్నాడు, చెట్టుతో చెప్తున్నట్టు.

అన్నయ్య కారు స్టార్టయిన చప్పుడు విన్నాను. గిన్నె ఇంకా నా చేతిలోనే ఉంది.

పావుగంట తర్వాత ఓటు పెట్టారు. చేతులన్నీ లేచాయి. లియోనోర్‌కి బిళ్ళ వచ్చింది. ఆ శనివారం మకారియో ములాఖాత్ గదిలోకి వచ్చి భార్యని చూసాడని తెలిసింది. అన్నయ్య ఫ్రెస్నో దగ్గర ద్రాక్ష తోటల్లో ట్రాక్టర్లు బాగుచేసే పనిలో చేరాడని తర్వాతెప్పుడో తెలిసింది. నాకు ఉత్తరం రాయలేదు. నేను మూడు రాసాను, మూడూ చింపేసాను.

మిగిలిన తలుపుల మఖ్మల్ కుట్టి, నేనే తీసుకెళ్ళి లియోనోర్ పెరట్లో ఇచ్చాను. ఆగస్టు ప్రదర్శనకి నాన్న నన్ను కొత్త గౌను వేసుకోమని పట్టుబట్టి తీసుకెళ్ళాడు. కారు ముందు పలక మీద, కుషన్ పని అన్నచోట నా పేరే ఉంది. జనం వంగి వంగి ఆ సీట్లు చూసారు, బొత్తాలు లెక్కపెట్టారు. దూరంగా లౌడుస్పీకర్లో ఆ పాటే. లియోనోర్ మెత్తటి గుడ్డతో తలుపు తుడుస్తూ నా పక్కకి వచ్చింది.

"బాగా కుట్టావు," అంది.

ఇంకేదైనా అంటుందని చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

సెప్టెంబరు మొదట్లో ఒక పొద్దున నాన్న బోర్డులు రాసే మనిషిని పిలిపించాడు. దుకాణం మీద అన్నయ్య పుట్టిన ఏడాది రాయించిన అక్షరాలు, మా ఇంటిపేరుతో 'అర్రెదోండో అండ్ సన్'. ఆ చివరి మాట బ్లేడుతో గీకించాడు. ఎర్ర పొడి నా జుట్టులో పడింది. నిచ్చెన కదలకుండా పట్టుకున్నది నేనే. ఆ మనిషి కుంచె ముంచి 'డాటర్' అని రాయడం మొదలుపెట్టాడు.

నాన్న రోడ్డు అవతలికి వెళ్ళి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసాడు. ఆయనకి అంత దూరం నుంచి సరిగ్గా కనబడదు.

"తిన్నగా వస్తున్నాయా తల్లీ?" అని అరిచాడు.

"తిన్నగానే వస్తున్నాయి నాన్నా," అన్నాను.